పిల్లలు లేని క్యాంపులో పిల్లల కథలు

యాభై రెండో ఏట నేను మళ్లీ చదువులో చేరాను. అప్పటికి సౌదీలో, రాస్ తనూరా దగ్గర, ఒక కాంట్రాక్టు కంపెనీలో సేఫ్టీ ఆఫీసరుగా నాది పద్దెనిమిదేళ్ల సర్వీసు. చేరింది ఎం.ఏ.లో. చదివే విషయం, పిల్లలకు కథలు రాయడం. ఆ మాట చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్లు ఒకసారి నా మీసాల వైపు చూసేవాళ్లు.

ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న మీకు, పని వేరు, ఇష్టం వేరు అని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నాకూ చెప్పారు. నేను వినలేదు. నా పనీ నా ఇష్టమూ ఒకదాని కాలు ఒకటి తొక్కుకున్న రోజు ఒకటి వచ్చింది. దెబ్బ మాత్రం ఒక ఏడేళ్ల పిల్లకు తగిలింది. రిటైరై ఆర్మూర్‌లో కూర్చున్నాక, నీ ఉద్యోగంలో చెప్పుకోదగ్గది ఏమిటని ఎవరైనా అడిగితే నాకు మొదట గుర్తొచ్చేది అదే.

మా కంపెనీ పని చమురు శుద్ధి చేసే ప్లాంట్లలో మరమ్మతులు. రోజూ పని మొదలయ్యే ముందు పది నిమిషాలు మనుషుల్ని నిలబెట్టి జాగ్రత్తలు చెప్పాలి. దాన్ని టూల్‌బాక్స్ మీటింగ్ అంటాం. హిందీలో చెప్పేవాణ్ని. ఎదురుగా పాకిస్తానీలు, బంగ్లాదేశీలు, బీహారువాళ్లు, మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లు. నిలబడి నిద్రపోవడం ఎలాగో నేను వాళ్లను చూసే తెలుసుకున్నాను. ఒకరోజు విసుగొచ్చి చేతిలో కాగితం జేబులో పెట్టేశాను. "ఒక సుత్తె ఉండేది. దానికి పైనుంచి లోకాన్ని చూడాలని మహా కోరిక" అని మొదలుపెట్టాను. ఎవరో మరిచిపోయి ఎత్తైన మంచె పై పలక మీద వదిలేసిన సుత్తె అంచు దాకా దొర్లింది, కింద ఒక మనిషి ఈల వేసుకుంటూ వస్తున్నాడు, అన్నచోట టైమ్ అయిపోయింది. ఒక పెషావరు వెల్డరు నా వెంటబడ్డాడు. "ఉస్తాద్, పడిందా లేదా?" రేపు చెప్తానన్నాను. మర్నాడు అందరూ నాకంటే ముందే వచ్చి నిలబడ్డారు. ఆ వారం ప్లాంటు మొత్తం తిరిగినా పైన వదిలేసిన సుత్తె ఒక్కటి కనబడలేదు.

నా గదిలో ఉండేది గుంటూరు వైపు ఆయన, ఆఫీసులో కాగితాలు చూసే ఉద్యోగి. ఒకనాడు ఫోన్ చూస్తూ, "మాస్టారూ, ఇది మీకోసమే పెట్టినట్టున్నారు" అని ప్రకటన చదివి వినిపించాడు. మన దేశంలో ఒక యూనివర్సిటీ, బాలసాహిత్యం రాయడంలో రెండేళ్ల ఎం.ఏ. ఎవరి భాషలో వాళ్లు రాయొచ్చు. జూలైలో పది రోజులు, జనవరిలో పది రోజులు వెళ్లి క్లాసులో కూర్చోవాలి. మిగతా కాలమంతా ఎక్కడివాళ్లు అక్కడే ఉండి, నెలనెలా రాసినవి గురువుకు మెయిల్‌లో పంపాలి. ఆయన ఆటకు చదివాడు. నేను నిజంగానే దరఖాస్తు పెట్టాను. నా ఓపెన్ యూనివర్సిటీ బి.ఏ. ఇన్నాళ్లకు దేనికో పనికొచ్చింది.

ఏడాదికి ముప్పై రోజుల సెలవును ముక్కలు చేసుకోవాలి. ప్రతిసారీ దేశం దాటి మళ్లీ రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా కావాలి. దానికి మా సైటు మేనేజరు సంతకం కావాలి. ఆయన హుఫూఫ్ మనిషి, సౌదీ, మితభాషి. మేము అరబ్బీలో ముదీర్, అంటే మేనేజర్ అనేవాళ్లం. "చదువా? ఏం చదువు?" అని అడిగాడు. భయంభయంగా చెప్పాను. ఆయన తన చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ చెప్పిన కథ చెప్పాడు. మిట్టమధ్యాహ్నం తోటల్లో తిరిగే పిల్లల్ని ఎత్తుకుపోయే ముసలమ్మ కథ. "ఆ భయానికి మేం ఎండలో బయటికి పోయేవాళ్లం కాదు. అదీ సేఫ్టీయే కదా?" అని సంతకం పెట్టాడు.

మా ఆవిడ అంత సులువుగా పెట్టలేదు. "సౌదీ నుంచి అచ్చి ఇంట్ల ఉండక, బ్యాగేసుకొని బడికి పోతవా?" అంది. అయినా మొదటి జూలైలో ఇస్త్రీ చేసిన చొక్కాలు ఆమే సర్దిపెట్టింది.

క్లాసులో పదకొండు మందిమి. నా తర్వాత పెద్దవాడికి ముప్పై ఒకటి. నాకు గురువుగా వచ్చినావిడ ఇరవై ఏళ్లు పిల్లల పత్రిక నడిపిన మనిషి, గోదావరి వైపు. వయసులో నాకంటే చిన్నదే. మాట నెమ్మది, పెన్ను కాదు. పన్నెండు కథలు పంపితే మొదటి ఉత్తరంలో ఇలా రాసింది: "మీ పన్నెండు కథల్లో పన్నెండుమంది పిల్లలూ చెప్పిన మాట వినక దెబ్బలు తిన్నారండీ. ఒకడు బావిలో, ఒకడు గోడ మీంచి, ఒకమ్మాయి కరెంటు తీగ దగ్గర. ఇవి కథలు కావు, ప్రమాదాల మీద రిపోర్టులు. ఇంతకీ వీటిని ఏ పిల్లలకి చదివి వినిపించారు?"

ఎవరికి వినిపించను? మా క్యాంపులో కొన్ని వందల మందిమి, అందరం మగవాళ్లమే. గదుల ముందు వందల జతల చెప్పులు ఉండేవి. వాటిలో చిన్న జత ఒక్కటి ఉండేది కాదు. పిల్లలంటే మాకు ఫోను తెర మీద కనబడే మొహాలు.

ఇలా కొట్టుమిట్టాడుతుంటే ఒక శుక్రవారం, బట్టలు ఉతుక్కునే చోట ఒకతను నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. జగిత్యాల దగ్గరి పల్లె అతనిది. స్కఫోల్డింగ్ పని, అంటే ఇనుప పైపులు ఒకదానికొకటి బిగించి, మిగతావాళ్లు ఎక్కి పనిచేయడానికి ఎత్తయిన మంచెలు కట్టడం. ముప్పై దాటిన వయసు, పొట్టి మనిషి, ఉడుతలా ఎక్కేవాడు.

"సారూ, పిల్లలకు కథలు రాస్తున్నరట గదా. నా బిడ్డకు చెప్పెతందుకు ఒకటియ్యరాదుండ్రి."

"నీ బిడ్డకు ఎన్నేండ్లు తమ్మీ?"

"ఆరు నడుస్తున్నది సారూ. రోజు ఫోన్ల తిన్నవా అంట, బడికి పోయినవా అంట. ఇగ మాట అయిపోతది. పిల్ల ఫోన్ వాళ్లమ్మ చేతుల పెట్టి ఉరుకుతది."

కుందేలు కథ ఒకటి ప్రింటు తీసి ఇచ్చాను. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. మంచం మీద కూర్చుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఫోనులో బిడ్డకు చదివాడు. మర్నాడు సైటులో నన్ను తప్పించుకు తిరుగుతుంటే పట్టుకున్నాను.

"ఏమన్నది నీ బిడ్డ?"

"ఏమనలే సారూ."

"చెప్పు, ఏం కాదు."

"కుందేలు మంచిదేనట. కని వాళ్ల టీచర్ లెక్క మాట్లాడుతున్నదట."

ఉన్నదున్నట్టు గురువుగారికి రాశాను. ఒక్క ముక్కలో జవాబు వచ్చింది: "ఆ పాపని వదలకండి."

అప్పటినుంచి నాకు ఇద్దరు గురువులు. నెలకొకసారి ఒకరు, శుక్రవారం శుక్రవారం ఒకరు. నేను ఎండ్రికాయ కథ రాస్తే ఆ పిల్ల "దాని పేరేంది?" అని అడిగింది. పేరు పెట్టలేదని వాళ్ల బాపు చెప్పాడట. "మరి వాళ్లమ్మ అన్నానికి ఎట్ల పిలుస్తది?" అందట. ఇన్ని పుస్తకాలు చదివాను, ఈ మాట నాకు ఎక్కడా దొరకలేదు. ఇంకో కథకు, "ఈ పిలగాడు ఊకె ఏడుస్తున్నడు, వీడికి వేరే పని లేదా?" అంది. ఆ పిల్లవాణ్ని తీసేశాను. కథ బాగుపడింది.

అతనూ మారాడు. మూడు నెలలకల్లా కూడబలుక్కోవడం పోయి, గొంతులు మార్చి చదవడం మొదలుపెట్టాడు. నక్కకు ఒక గొంతు, బర్రెకు ఒక గొంతు. శుక్రవారం పొద్దున అతని మంచం చుట్టూ నలుగురైదుగురు చేరేవాళ్లు. సిరిసిల్ల అతనొకడు రికార్డు చేసుకుని తన కొడుకులకు పంపేవాడు. ఒకసారి బర్రె గొంతు బాగా రాలేదని మధ్యలో ఆపి, అందరూ తలా ఒకసారి బర్రెలా అరిచి చూశారు. పక్క గది పాకిస్తానీలు ఏమైందోనని తొంగిచూశారు.

ఏడాదిన్నర ఇలా గడిచింది. ఆఖరి జూలైకి పెద్ద కథ ఒకటి సమర్పించాలి. అప్పుడు రాశాను, 'ఇనుప చెట్టు'.

సముద్రం ఒడ్డున ఆకుల్లేని ఇనుప చెట్లు ఉంటాయి. ఒక పిల్ల తండ్రి రోజూ వాటిని ఎక్కుతుంటాడు. ఎంత ఎక్కినా అక్కడినుంచి ఇల్లు కనబడదు. గేటు దగ్గరి ఖర్జూరపు గెలలు పసుపు రంగుకు తిరిగిన రోజున, ఆయన చెట్టు దిగి, విమానమెక్కి, ఆటోలో ఇంటి ముందు దిగుతాడు. పిల్ల బడినుంచి వచ్చేసరికి అరుగు మీద కూర్చుని ఉంటాడు. ఇదీ కథ. అతనికి రెండేళ్లకొకసారి వచ్చే సెలవు ఆ వేసవిలోనే ఉంది. కాగితాలు కూడా పెట్టుకున్నాడు. ఆ పిల్లకు కానుకలా ఉంటుందని రాశాను. నిజం చెప్పాలంటే రాస్తూ నాకే కళ్లు చెమర్చాయి. రాసేవాడికి కళ్లు చెమరిస్తే ఒకసారి అనుమానించాలని ఇప్పుడు తెలుసు.

గురువుగారు ప్రింటు తీసుకుని, చివరి పేజీ పక్కన పెన్సిలుతో రాసి, స్కాన్ పంపింది: "బాగుంది. కానీ ఆ పాపకి ఇది కథా, మాట ఇవ్వడమా? ఆలోచించండి." బాగుంది అన్నదాకా చదివి, మిగతాది పట్టించుకోలేదు. ప్లాంటులో ఎవరైనా హెచ్చరిక బోర్డు సగం చదివి లోపలికి పోతే నేను తిట్టేవాణ్ని.

కథ విన్న రోజునుంచి ఆ పిల్ల ఫోన్ వదల్లేదట. "బాపూ, పండ్లు పచ్చగున్నయా, పసుపైనయా?" రోజూ అదే. అతను రోజూ డ్యూటీకి పోతూ క్యాంపు గేటు దగ్గర ఆగి, గెలలు ఫోటో తీసి పంపేవాడు.

జూన్ చివర్లో, చలికాలంలో జరగాల్సిన షట్‌డౌన్‌ను ముందుకు జరిపారు. షట్‌డౌన్ అంటే ప్లాంటు ఆపేసి లోపలి పనంతా ఒక్క ఊపులో చేయడం. స్కఫోల్డింగ్ లేనిదే అందులో ఏ పనీ మొదలు కాదు. వాళ్ల సెలవులన్నీ నాలుగు నెలలు రద్దయ్యాయి. సేఫ్టీలో నేను ట్రైనింగులు చూసేవాణ్ని కాబట్టి నా పది రోజులు మాత్రం మిగిలాయి.

రెండు రోజుల తర్వాత అతను నా గదికి వచ్చాడు. కోపం లేదు. ఉంటే బాగుండేది.

"చెప్పినవా బిడ్డకు?" అన్నాను.

"చెప్పిన సారూ. అబద్ధమంటున్నది. కథల అచ్చినవ్ గదా అంటున్నది." చేతిలో ఫోన్ నా మంచం మీద పెట్టాడు. "మీ కథల బాపు నాకంటె ముందుగాలనే ఇంటికి పోయిండు సారూ. ఇప్పుడు ఆయన నిజమైండు, నేను అబద్ధమైన."

ఏదో అందామని, "నాలుగు నెలలే గదా" అన్నాను. అనగానే అనకూడని మాట అని తెలిసింది. అతను సరే సారూ అని లేచి వెళ్లిపోయాడు. మర్నాటినుంచి ఆ పిల్ల ఫోన్ దగ్గరికి రావడం మానేసింది.

తర్వాతి వారం, పొద్దున పది గంటల ప్రాంతంలో, నేను ప్లాంటులో తిరుగుతూ తలెత్తి చూశాను. మంచె నాలుగో వరుస మీద అతను. ఎత్తులో పనిచేసేవాళ్ల బెల్టుకు రెండు తాళ్లు, చివర రెండు హుక్కులు ఉంటాయి. ఒకటి తీసి ముందుకు జరిగేటప్పుడు రెండోది పైపుకు తగిలించి ఉండాలి. ఎప్పుడూ ఒకటైనా పట్టుకుని ఉండాలి. అతని రెండు హుక్కులూ నడుము దగ్గర వేలాడుతున్నాయి. ఒక చేత్తో పైపు పట్టుకుని, ఎటో చూస్తున్నాడు. క్యాంపు గేటు వైపు అనుకుంటాను.

కేక వేస్తే ఉలిక్కిపడతాడు. నిచ్చెన ఎక్కాను. యాభై నాలుగేళ్లవాణ్ని, అంత వేగంగా ఎప్పుడూ ఎక్కలేదు. దగ్గరికి పోయి, మెల్లగా, "తమ్మీ, హుక్కు" అన్నాను. కిందికి చూసుకుని తెల్లబోయాడు. ఎప్పుడు తీశాడో అతనికే తెలియదు. ఇద్దరం దిగాం. దిగాక అక్కడే పైపుల మీద కూలబడ్డాను. అతను నాకు నీళ్లు తెచ్చిచ్చాడు.

రిపోర్టు రాయాలి. రాయకుండా వదిలేయొచ్చని మీలో కొందరికి అనిపించొచ్చు. వదిలేస్తే రెండోసారి నేను రాసేది వేరే రిపోర్టు అవుతుంది. అతని పేరు రాశాను, సమయం రాశాను, ఎత్తు రాశాను. 'కారణం' అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. పద్దెనిమిది, ఇరవై ఏళ్లుగా ఆ గడిలో 'అజాగ్రత్త' అని రాస్తూ వచ్చినవాణ్ని. ఈసారి ఆ గడి ఖాళీగా పెట్టి, కాగితం తీసుకుని నేరుగా ముదీర్ దగ్గరికి పోయాను.

మొత్తం చెప్పాను. కథ, ఖర్జూరాలు, ఫోన్, అన్నీ. ఆయన వింటూ చేతిలో తస్బీ, జపమాల, తిప్పుతున్నాడు. చివరికి, "నువ్వు వచ్చేదాకా అతను ఎత్తు ఎక్కడు. కింద పైపుల యార్డులో ఉంటాడు. నువ్వు నీ పది రోజులకు పో. పోయి ఆ పిల్లను చూడు" అన్నాడు.

"షట్‌డౌన్ అయిపోగానే మొదటి సెలవు వాళ్ల నాన్నకే ఇస్తారని చెప్పనా?"

"వద్దు" అన్నాడు గట్టిగా. "నువ్వు ఇంకో మాట ఇవ్వకు."

నేను పోతున్నానంటే అతను సంతోషించలేదు. "బాపు బదులు వేరే ఎవలో అచ్చిండని ఏడుస్తది సారూ" అన్నాడు. మళ్లీ తనే, "సరే పోండ్రి. నన్ను చూసిన మనిషిని చూస్తది గద" అన్నాడు.

దమ్మాములో విమానమెక్కి హైదరాబాదులో దిగి, యూనివర్సిటీ వైపు కాకుండా జగిత్యాల బస్సెక్కాను. మర్నాడే క్లాసులు మొదలు. మొదటి రోజు రాకపోతే ఒప్పుకోమని యూనివర్సిటీ పంపిన కాగితంలో స్పష్టంగా ఉంది.

వానలు పడి పొలాల్లో నాట్లు వేస్తున్నారు. అతని ఇంట్లో భార్య, తల్లి చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. "రాండ్రి అన్నా, కూసోండ్రి" అని భార్య కుర్చీ వేసింది. "నాకు సుత ఏం చెప్తలేదన్నా. ఫోన్ మోగుడుతోనే పోయి బర్రె కొట్టం ఎనుక కూసుంటున్నది."

నాలుగున్నరకు పిల్ల బడినుంచి వచ్చింది. నన్ను చూసి గడపలోనే ఆగింది. బ్యాగు దించలేదు.

"ఈ తాత ఎవలే?"

"బాపు కాడికెళ్లి అచ్చిండు బిడ్డా. కథలు రాసే సారు" అంది తల్లి.

ఆ పిల్ల నా వెనక, కుర్చీ పక్కన, ఇంటి లోపల చూసింది. "మరి బాపేడి?"

"రాలే బిడ్డా" అన్నాను.

"కథల అచ్చిండు."

"అది నేను రాసిన. బాపు నన్ను గట్ల రాయుమనలే. ఆయన ఎప్పుడు అస్తడో నాకు తెల్వకుండనే రాసిన. తప్పు నాది."

ఇరవై ఏళ్లలో ఎందరినో వరసలో నిలబెట్టి తప్పులు ఒప్పించినవాణ్ని. ఒప్పుకోవడం ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. ఆ పిల్ల ఏడవలేదు.

"తెల్వకపోతె అడుగాలె" అంది.

"అడుగాల్సింది."

"తప్పు రాస్తె మా టీచర్ మల్ల రాయిస్తది."

"రాస్త మరి."

బ్యాగు దించి, వెనక పేజీలు ఖాళీగా ఉన్న నోటుబుక్కు, నమిలిన పెన్సిలు తీసి నా చేతిలో పెట్టింది. నేను కుర్చీ దిగి నేల మీద కూర్చున్నాను. "ఏం రాయాలె?" అన్నాను.

"బాపు నిజంగ ఏం జేస్తడో చెప్పు ముందుగాల. ఎంత ఎత్తు ఎక్కుతడు?"

ఊరి నీళ్ల ట్యాంకు వాకిట్లోంచి కనబడుతోంది. అలాంటివి రెండు, ఒకదాని మీద ఒకటి అన్నాను. తల్లి చేతిలో బీడీ ఆగిపోయింది. ఆమెకూ తెలియదని అప్పుడు అర్థమైంది.

"పడడా?" అంది పిల్ల.

కండువా ఒకటి, వాళ్ల నాయనమ్మ తువ్వాల ఒకటి అడిగి తీసుకున్నాను. పిల్ల నడుముకు కట్టి, రెండు కొసలూ కిటికీ ఊచలకు ముడివేశాను. ఒకటి విప్పి పక్క ఊచకు మార్చు, రెండోది మాత్రం వదలకు అన్నాను. ఆ పిల్ల కిటికీ ఈ కొసనుంచి ఆ కొస దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చింది. ఒక్కసారి కూడా తప్పలేదు. నా ట్రైనింగుల్లో అంత బాగా నేర్చుకున్న మనిషి లేడు. తర్వాత నా ఎదురుగా మఠం వేసుకుని కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. నేను రాశాను.

"బాపు పొద్దుగాల ఇనుప చెట్టు ఎక్కిండు. ఒక హుక్కు పెట్టిండు. ఇంకో హుక్కు పెట్టిండు. పని జేసిండు. మెల్లగ దిగిండు. నాకు ఫోన్ జేసిండు. అయిపోయింది."

"మల్ల ఇంటికి రాడా?" అన్నాను. పాత బుద్ధి.

"అస్తడు. అది అచ్చినంక రాద్దాం" అంది.

అక్కడ డ్యూటీ దిగే వేళ దాకా ఆగి ఫోన్ కలిపాను. పిల్ల తీసుకుంది.

"బాపూ, రెండు హుక్కులు పెట్టినవా?"

పెట్టానని చెప్పేస్తే సరిపోయేది. అతను చెప్పలేదు.

"ఇయ్యాల నేల మీదనే ఉన్న బిడ్డా. మొన్న హుక్కు మర్చిపోయిన. సారు దింపిండు."

ఆ పిల్ల తల తిప్పి నన్ను ఒకసారి చూసింది. "మంచిగ జేసిండు" అని, ఇంకో అరగంట ఫోన్ వదల్లేదు.

నేను క్లాసుకు ఒక రోజు ఆలస్యంగా పోయాను. గురువుగారు అందరి ముందే అడిగింది: "నిన్నెక్కడున్నారండీ?" చెప్పాను. చెబుతూ నోటుబుక్కులోంచి చింపి తెచ్చుకున్న పేజీ తీశాను. "చదవండి" అంది. పాత కథ చదివి, ఆఖర్న ఆ పిల్ల చెప్పిన ఏడు వాక్యాలూ చదివాను. గురువుగారు కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఆ పాపకి చెప్పే ఇది వాడుకుంటున్నారా?" అని అడిగింది. చెప్పాను, ఒప్పుకుంది అన్నాను. "అయితే మొదటి పేజీలో ఆ సంగతి రాయండి. ఈసారి పూర్తిగా చదివారా నేను పెన్సిలుతో రాసింది?" అంది. చదివానన్నాను. ఒక రోజు గైర్హాజరుకు నాలుగు పేజీల వ్యాసం అదనంగా రాయించి, డిగ్రీ ఇచ్చారు.

నేను తిరిగి వచ్చాక అతనికి మళ్లీ ట్రైనింగ్ ఇచ్చి ఎత్తు ఎక్కించాను. షట్‌డౌన్ నాలుగు నెలలు అనుకున్నది ఐదయింది. ఆ ఐదు నెలలూ నేను అటుగా పోయినప్పుడల్లా తలెత్తి చూసేవాణ్ని. నేను చూస్తున్నానని తెలిసి, అతను పైనుంచి ఒక హుక్కు ఊపి చూపించి తగిలించేవాడు. ఇంటికి ఎప్పుడు పోతావని నేను అడగలేదు. అతనూ బిడ్డకు చెప్పలేదు. చలి మొదలయ్యాక ఒకరోజు సెలవు కాగితం చేతికొచ్చింది. ఎవరికీ ఫోన్ చేయకుండా పోయాడు.

రెండు నెలల తర్వాత తిరిగొచ్చి నా గదికి వచ్చాడు. ఇంట్లో చేసిన సర్వపిండి పొట్లం నా చేతిలో పెట్టాడు.

"ఏమన్నది నీ బిడ్డ?" అన్నాను. రెండేళ్లుగా అలవాటైన ప్రశ్న.

"బడి నుంచి అచ్చింది సారూ. నేను వాకిట్ల నిలవడ్డ. ఉరికస్తదనుకున్న. రాలే. గడుపకాడ నిలవడి కిందికెళ్లి మీదికి చూసింది. కథల బాపు కంటె పొట్టిగున్నవ్ బాపూ, అన్నది."

"నువ్వేమన్నవ్?"

"ఔ బిడ్డా అని కింద కూసున్న సారూ. అప్పుడచ్చింది నా మీదికి."